డాట్ మ్యాట్రిక్స్‌లో టెక్స్ట్ ఫైళ్లను తక్కువ కాగితంలో ముద్రించడానికి ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద కండెన్స్‌డ్ బటన్ నొక్కితే కాగితం కలిసొస్తుందని చాలామంది నమ్ముతారు. అక్షరం సన్నబడుతుంది కానీ కాగితాలు మాత్రం ఒక్కటి కూడా తగ్గవు. 65 అక్షరాల లైన్లున్న ఫైలును 137 అక్షరాలు పట్టే వెడల్పులో ముద్రిస్తే కుడివైపు సగం తెల్లగా మిగిలిపోతుంది, అంతే. పేజీ పొడవులో ఒక్క లైను కూడా అదనంగా చేరదు. ఆ ఖాళీ సగంలోకి తర్వాతి పేజీని తెచ్చి కూర్చోబెడితేనే కట్ట సగానికి తగ్గుతుంది.

అందుకే అసలు ఎంచుకోవాల్సింది అక్షరం సైజును కాదు. పేజీని అమర్చే పని ఎవరికి అప్పగించాలి, ప్రింటర్‌కా, చిన్న టెక్స్ట్ సాధనానికా, విండోస్ డ్రైవర్‌కా అన్నదే తేల్చుకోవాలి. స్టాకు జాబితాలు, డే బుక్కులు, పాత ఫాక్స్‌ప్రో రిపోర్టులు, సర్వర్ లాగులు, ప్రోగ్రాం లిస్టింగులు ఎప్సన్ ఎల్‌ఎక్స్-310 మీదో, టీవీఎస్ ఎంఎస్‌పీ వరస ప్రింటర్ల మీదో రోజూ తీసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## ముందు ఇవి చూసుకోండి

ఫైల్లో అతి పొడవైన లైను ఎంత? అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. 65 అక్షరాలైతే మామూలు ప్రింటర్‌లోనే పక్కపక్కన రెండు కాలమ్‌లు పడతాయి. 80 అయితే 80 కాలమ్‌ల ప్రింటర్‌లో (మామూలు అక్షరాలు లైనుకు 80 పట్టేది) రెండు కాలమ్‌లు పట్టవు. 130 అక్షరాల లెడ్జరైతే దాన్ని ఒక్క కాలమ్‌లో సరిపెట్టడమే గొప్ప.

కాగితం పొడవు ఎంత? మన దగ్గర స్టేషనరీ షాపులో 10×12, 15×12 అంగుళాల చిల్లుల కాగితం (మడతలు మడతలుగా ఆగకుండా వచ్చేది) సులువుగా దొరుకుతుంది. చాలా ప్రింటర్లు మాత్రం ఫ్యాక్టరీ నుంచి 11 అంగుళాల పేజీకి సెట్ అయి వస్తాయి. ఈ తేడాను సరిచేయకపోతే రెండో పేజీ నుంచే మడత మీద అక్షరాలు పడతాయి. కాలమ్‌లుగా అమర్చిన పేజీలో ఇది మరీ ఇబ్బంది. ఎడమ కాలమ్ చివరి లైన్లు మడత అవతలకి జారిపోతే చదివే క్రమమే చెడుతుంది.

చదివేది ఎవరు, ఎంతసేపు? ఆడిటర్ రెండు గంటలు కూర్చుని టిక్కులు పెట్టే కాగితం వేరు. ఎప్పుడైనా అవసరపడితే తిరగేద్దామని బీరువాలో పెట్టే కట్ట వేరు.

కార్బన్ కాపీ కావాలా? రెండో కాపీ, మూడో కాపీ తీసేచోట చిన్న అక్షరం అలుక్కుపోతుంది.

ప్రింటర్ ఏ భాషలో ఉంది? ఎప్సన్ భాషా, ఐబీఎం ప్రోప్రింటర్ భాషా? చాలా ప్రింటర్లు రెండూ తెలిసినవే. ఏది ఎంచుకుని ఉందో సెటప్ ప్రింట్ తీసి చూడాలి. ఆదేశాలు ప్రింటర్‌కు సంఖ్యల కోడ్లుగా వెళతాయి. 12 అక్షరాల పిచ్‌కు, అంటే అంగుళానికి 12 అక్షరాలకు, ఎప్సన్‌లో 27 77 పంపాలి, ఐబీఎంలో 27 58. ఒకదాని కోడు రెండోదానికి పంపితే పని జరగదు.

ఫైల్లో తెలుగు ఉందా? ఉంటే లెక్కంతా మారిపోతుంది. దాని సంగతి చివర్లో విడిగా చెబుతాను.

## వెడల్పు తగ్గించడం తేలిక, ఎత్తు తగ్గించడం కష్టం

వెడల్పు లెక్క ఇలా ఉంటుంది:

| అంగుళానికి అక్షరాలు | 80 కాలమ్‌ల ప్రింటర్ (8 అంగుళాల ముద్రణ) | 136 కాలమ్‌ల ప్రింటర్ (13.6 అంగుళాలు) |
|---|---|---|
| 10 (పైకా) | 80 | 136 |
| 12 (ఎలైట్) | 96 | 163 |
| 17.14 (కండెన్స్‌డ్) | 137 | 233 |
| 20 (ఎలైట్, కండెన్స్‌డ్ కలిపి) | 160 | 272 |

కండెన్స్‌డ్ చేసినప్పుడు అక్షరం వెడల్పు 2.54 మిల్లీమీటర్ల నుంచి 1.48కి దిగుతుంది. ఎత్తు మాత్రం తగ్గదు. 9 పిన్నుల తలలో (రిబ్బన్ మీద కొట్టి చుక్కలు వేసే భాగంలో) పిన్నుకీ పిన్నుకీ మధ్య అంగుళంలో 72వ వంతు దూరం. పెద్ద అక్షరం 7 చుక్కల ఎత్తు, అంటే దాదాపు 2.5 మిల్లీమీటర్లు. ఆ ఎత్తు అలాగే ఉంటుంది కాబట్టే కండెన్స్‌డ్ అక్షరం సన్నగా కనిపించినా కంటికి ఆనుతుంది. వెడల్పులో చేసే పొదుపుకు చదివేవాడు చెల్లించేది చాలా తక్కువ.

ఎత్తు విషయంలో ఇంత వెసులుబాటు లేదు. అంగుళానికి 6 లైన్లు మామూలు కొలత, 27 48 పంపితే 8 లైన్లు. 8 లైన్లంటే లైనుకు 9/72 అంగుళం, సరిగ్గా తొమ్మిది పిన్నుల జాగా. కింది తోకలున్న ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఆ తొమ్మిదీ వాడుకుంటాయి. అంటే మామూలు అక్షరంతో దిగగలిగిన హద్దు అదే. ఇంకా దించాలని 27 49 పంపి 7/72 అంగుళానికి వెళితే పై లైను తోకలు కింది లైను తలల్లోకి దిగబడతాయి. పెద్ద అక్షరాలు మాత్రమే ఉన్న రిపోర్టులో కూడా లైన్ల మధ్య వెంట్రుకవాసి సందు మిగలదు. నా మటుకు నేను ఆ కోడును మామూలు అక్షరాలతో వాడమని ఎవరికీ చెప్పను.

8 లైన్లకు మించి కావాలంటే సూపర్‌స్క్రిప్ట్ (పైకెత్తి వేసే చిన్న అక్షరం) ఒక్కటే దారి. 27 83 0 పంపితే అక్షరాల ఎత్తు సుమారు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. అప్పుడు అంగుళానికి 12 లైన్లు పడతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. లైన్ల దూరం పెట్టే 27 51 కోడు తర్వాత రాసే సంఖ్యను 9 పిన్నుల ప్రింటర్ 216వ వంతులుగా లెక్కిస్తుంది, 24 పిన్నులది 180వ వంతులుగా లెక్కిస్తుంది. 12 లైన్ల కోసం మొదటిదానికి 18, రెండోదానికి 15 రాయాలి. 9 పిన్నుల కోసం రాసుకున్న 18ని ఎప్సన్ ఎల్‌క్యూ రకం 24 పిన్నుల ప్రింటర్‌కు పంపితే అంగుళానికి 10 లైన్లే వస్తాయి, పేజీ లెక్కంతా తప్పుతుంది.

ఇప్పుడు కాగితాల లెక్క చూద్దాం. 3000 లైన్ల ఫైలు, అతి పొడవైన లైను 65 అక్షరాలు, 10×12 కాగితం, మడత దగ్గర ఒక అంగుళం వదిలేసి 11 అంగుళాల్లో ముద్రణ:

| అమరిక | పేజీకి లైన్లు | కాగితాలు |
|---|---|---|
| మామూలు (10 అక్షరాలు, 6 లైన్లు) | 66 | 46 |
| కండెన్స్‌డ్ మాత్రమే | 66 | 46 |
| కండెన్స్‌డ్, 8 లైన్లు | 88 | 35 |
| కండెన్స్‌డ్, 6 లైన్లు, రెండు కాలమ్‌లు | 132 | 23 |
| కండెన్స్‌డ్, 8 లైన్లు, రెండు కాలమ్‌లు | 176 | 18 |
| కండెన్స్‌డ్ సూపర్‌స్క్రిప్ట్, 12 లైన్లు, రెండు కాలమ్‌లు | 264 | 12 |

నాలుగో వరస మీద కాసేపు ఆగండి. లైన్లను దగ్గరకు నొక్కకుండా, కేవలం కాలమ్‌లుగా అమర్చడంతోనే 46 కాగితాలు 23 అయ్యాయి. కంటికి ఏ శ్రమా పెరగకుండా వచ్చిన పొదుపు ఇది. దాని మీద 8 లైన్లు చేరిస్తే మరో 5 తగ్గుతాయి. సూపర్‌స్క్రిప్ట్‌కు పోతే ఇంకో 6 తగ్గుతాయి. ఆ చివరి ఆరు కాగితాల కోసం చదివేవాళ్ల కళ్లను అడగొచ్చా అన్నది ఫైలును బట్టి తేల్చుకోవాల్సిన మాట.

## ఒక్కో పద్ధతి గురించి

### ప్రింటర్ మీది బటన్లు, సెట్టింగులు

దేనినీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఏ కంప్యూటర్ నుంచి పంపినా పనిచేస్తుంది. కానీ కాలమ్‌లు చేయలేదు కాబట్టి, పై పట్టిక రెండో వరస ప్రకారం, 65 అక్షరాల ఫైలుకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పొడవు లైన్ల లెడ్జరుకు మాత్రం ఇదే చాలు. 130 అక్షరాల లైను 80 దగ్గర విరిగి రెండు లైన్లుగా పడుతుంటే, కండెన్స్‌డ్ నొక్కగానే ఒక్క లైనులో సర్దుకుంటుంది. అక్కడ నిజంగానే కాగితం సగం అవుతుంది.

ఒక జాగ్రత్త. ఈ సెట్టింగును శాశ్వతంగా పెట్టి వదిలేస్తే అదే ప్రింటర్‌లో తర్వాత తీసే బిల్లు కూడా సన్నగా వస్తుంది. నలుగురూ వాడే ప్రింటర్‌కు ఇది మంచి అలవాటు కాదు.

### కోడ్లు అతికించి నేరుగా పంపడం

పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లోటస్ 1-2-3లో ప్రింట్ సెటప్ దగ్గర 015 అని రాసినవాళ్లకు, ఫాక్స్‌ప్రో రిపోర్టు మొదట్లో సీహెచ్‌ఆర్ 15 పెట్టినవాళ్లకు ఇది తెలిసిన దారే. డాస్‌లోనైతే మోడ్ ఆదేశానికి 132, 8 అని చెబితే కండెన్స్‌డ్, 8 లైన్లు రెండూ ఒకేసారి పడేవి.

ఇప్పటి విండోస్‌లోనూ ఇది చక్కగా నడుస్తుంది. కోడ్లు మాత్రమే ఉన్న చిన్న ఫైలు ఒకటి తయారు చేసుకుని, దాన్ని ముందు, టెక్స్ట్ ఫైలును తర్వాత కాపీ ఆదేశంతో ప్రింటర్ పోర్టుకు పంపాలి. యూఎస్‌బీ ప్రింటరైతే దాన్ని షేర్ చేసి, ఆ షేర్ పేరుకే కాపీ చేయాలి. బైనరీ ఐచ్ఛికం తప్పనిసరి. లేకపోతే ఫైల్లో 26వ నంబరు కోడు ఎక్కడ కనబడితే అక్కడే ముద్రణ ఆగిపోతుంది.

10×12 కాగితానికి నేను సలహా ఇచ్చే కోడ్ల వరస ఇది:

- 27 64: పాత సెట్టింగులన్నీ చెరిపేయడానికి
- 15: కండెన్స్‌డ్
- 27 48: అంగుళానికి 8 లైన్లు
- 27 67 0 12: పేజీ పొడవు 12 అంగుళాలు
- 27 78 8: మడత దగ్గర 8 లైన్లు వదిలేయడానికి

చివరి రెండిటి వరస మార్చకూడదు. పేజీ పొడవు కోడు వచ్చిందంటే అంతకు ముందు పెట్టిన మార్జిన్లు చెరిగిపోతాయి. ఇంకొకటి, పొడవు కోడు అందిన చోటే పేజీ మొదలైందని ప్రింటర్ అనుకుంటుంది. కాబట్టి కాగితాన్ని మడత నుంచి అర అంగుళం కిందికి సర్ది, అప్పుడు పంపండి. ఆ 8 లైన్ల ఖాళీ మడతకు పైనా కిందా సమంగా పంచుకుంటుంది.

పని అయ్యాక 12 పంపి పేజీని బయటికి తోసి, ఆ తర్వాత 27 64 పంపాలి. తర్వాత వచ్చేవాళ్లకు ప్రింటర్ మామూలు స్థితిలో దొరుకుతుంది. ఎక్కువమంది వాడే ఆఫీసుల్లో ఈ రెండు కోడ్ల వల్ల ఎన్నో గొడవలు తప్పుతాయి.

ఈ పద్ధతి వేగంలో అన్నిటినీ మించుతుంది. కాలమ్‌లు మాత్రం చేయలేదు. దాన్ని పూరించేదే తర్వాతిది.

### పీఆర్‌తో పేజీ అమర్చి, కోడ్లతో పంపడం

యూనిక్స్‌లో పుట్టి లినక్స్‌లో ఇప్పటికీ ఉన్న చిన్న సాధనం పీఆర్. విండోస్ 10, 11లో లినక్స్ సబ్‌సిస్టమ్ పెట్టుకుంటే అక్కడా దొరుకుతుంది. ఫైలును పేజీలుగా, కాలమ్‌లుగా అమర్చి మామూలు టెక్స్ట్‌గానే తిరిగి ఇస్తుంది. గ్రాఫిక్స్ జోలికి పోదు. డాట్ మ్యాట్రిక్స్‌కు కావాల్సింది అచ్చంగా ఇదే. పోల్చిన వాటన్నిటిలో నా ఓటు దీనికే.

చెప్పాల్సినవి నాలుగే: రెండు కాలమ్‌లు, పేజీ పొడవు 88 లైన్లు, వెడల్పు 137, హెడర్ వద్దు. హెడర్ ఉంచితే పైన 5, కింద 5 లైన్లు దానికే పోతాయి. 88లో అసలు విషయానికి 78 మిగులుతాయి. తేదీ, ఫైలు పేరు, పేజీ నంబరు ప్రతి కాగితం మీదా కావాల్సినవాళ్లు హెడర్ ఉంచుకోవచ్చు, అది వృథా అనను. కట్ట జారిపోయి కాగితాలు కలిసిపోయినప్పుడు ఆ నంబరే ఆదుకుంటుంది.

అయితే పీఆర్ వాడేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది, పొడవు లైన్లు. రెండు కాలమ్‌లలో 137ను పంచితే ఒక్కో కాలమ్‌కు 68 అక్షరాలు వస్తాయి. అంతకంటే పొడవైన లైనును పీఆర్ మాటామంతీ లేకుండా కత్తిరించేస్తుంది. లెక్కల ఫైల్లో కుడి చివర ఉండేవి మొత్తాలే కదా, మాయమయ్యేవి కూడా అవే. అందుకని ముందు ఫోల్డ్ అనే సాధనంతో 67 అక్షరాల దగ్గర, పదాల మధ్య ఖాళీల్లో, లైన్లు విరిచి అప్పుడు పీఆర్‌కు ఇవ్వాలి.

రెండోది, ట్యాబ్‌లు. కాలమ్‌లుగా అమర్చేటప్పుడు పీఆర్ వరుస ఖాళీలను ట్యాబ్‌లుగా కుదించి ఇస్తుంది. ప్రింటర్ తన ట్యాబ్ స్థానాలను వేరే పిచ్‌తో లెక్కేసుకుంటే కుడి కాలమ్ మెట్లమెట్లుగా పడుతుంది. పీఆర్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి, ట్యాబ్‌లను ఖాళీలుగా మార్చే ఎక్స్‌పాండ్ సాధనం గుండా పంపితే ఈ బాధ ఉండదు.

మూడోది, లైను ముగింపు. లినక్స్ ఫైల్లో లైను చివర కిందికి దింపే కోడు 10 మాత్రమే ఉంటుంది. ప్రింటర్ తలను ఎడమకు తెచ్చే కోడు 13. అది లేకపోతే ప్రతి లైనూ పై లైను ముగిసిన చోట మొదలై కాగితం కుడి అంచుకు పాకిపోతుంది. యూనిక్స్‌టుడాస్ అనే సాధనంతో మార్చి పంపండి. ప్రింటర్‌లో ఆటో లైన్‌ఫీడ్ స్విచ్ వేసినా తలను ఎడమకు తెచ్చేది అది కాదు. పైగా విండోస్ ఫైళ్లకు లైన్ల మధ్య రెట్టింపు దూరం వస్తుంది.

ఇదంతా ఒక్కసారి స్క్రిప్టులో రాసి పెట్టుకుంటే రోజూ ఫైలు పేరు ఒక్కటి ఇస్తే చాలు. లినక్స్ నుంచి పంపేటప్పుడు ప్రింట్ ఆదేశానికి రా (ఉన్నదున్నట్టు పంపే) ఐచ్ఛికం చేర్చాలి. లేకపోతే మధ్యలో కప్స్ అనే లినక్స్ ముద్రణ వ్యవస్థ తన పద్ధతిలో మార్చేస్తుంది.

### కప్స్ సొంత ఐచ్ఛికాలు

లినక్స్‌లో కప్స్‌కు అంగుళానికి అక్షరాలు, లైన్లు, కాలమ్‌ల సంఖ్య నేరుగా చెప్పొచ్చు. 17, 8, 2 అంటే పని అయిపోతుంది. స్క్రిప్టులు అక్కర్లేదు. వినడానికి ఇదే అన్నిటికంటే సుఖంగా ఉంటుంది.

కానీ కప్స్ ముందు టెక్స్ట్‌ను పీడీఎఫ్ చేసి, ఆ తర్వాత చుక్కల బొమ్మగా మార్చి పంపుతుంది. ప్రింటర్ సొంత అక్షరాలు వాడదు. కండెన్స్‌డ్ లైనుకు టెక్స్ట్‌గా పంపితే 137 బైట్లు. అదే 8 అంగుళాల వెడల్పును అంగుళానికి 120 చుక్కలతో గీయాలంటే ఎనిమిది చుక్కల ఎత్తున్న ఒక్క పట్టీకే 960 బైట్లు. తల నెమ్మదిస్తుంది, రిబ్బన్ త్వరగా అరుగుతుంది. అక్షరం కూడా ప్రింటర్ రోమ్‌లో (శాశ్వత మెమరీలో) ఉన్న దానంత తీరుగా ఉండదు. ఎందుకంటే ప్రింటర్ కంపెనీ తన అక్షరాలను ఆ పిన్నుల కొలతకు ఒక్కో చుక్కా లెక్కపెట్టి దిద్దుకుంటుంది. కంప్యూటర్ ఫాంట్‌ను నిలువున 72 చుక్కలకు కుదించినప్పుడు ఆ దిద్దుబాటు ఉండదు. నాలుగైదు పేజీలకైతే ఫరవాలేదు, నెలాఖరు కట్టకు వద్దు.

### ఎంపేజ్, ఎ2పీఎస్, ఎన్‌స్క్రిప్ట్ లాంటివి

ఇవి టెక్స్ట్ ఫైలును పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ అమరికను వర్ణించే ప్రింటర్ భాష)గా మారుస్తాయి. లేజర్ ప్రింటర్ మీద ఒక కాగితంపై రెండు, నాలుగు పేజీలు పెట్టడానికి అద్భుతమైన సాధనాలు. డాట్ మ్యాట్రిక్స్‌కు రావాలంటే ఘోస్ట్‌స్క్రిప్ట్ మధ్యలో ఉండి బొమ్మగా మార్చాలి. రెండు పేజీలను అడ్డంగా తిప్పి పెడతాయి కాబట్టి ప్రతి అక్షరమూ గ్రాఫిక్సే. 9 పిన్నుల తలతో నాణ్యంగా రావాలంటే ఒక్కో పట్టీ మీద తల మూడుసార్లు తిరగాలి.

1980లలో ఫంక్ సాఫ్ట్‌వేర్ వాళ్ల సైడ్‌వేస్ అనే ప్రోగ్రాం ఇదే సూత్రంతో పేరు తెచ్చుకుంది. వెడల్పాటి స్ప్రెడ్‌షీటును 90 డిగ్రీలు తిప్పి, చిల్లుల కాగితం పొడవునా ఆగకుండా ముద్రించేది. కాగితం మధ్యలో తెగని ప్రింటర్‌కే అది సాధ్యం. 300 కాలమ్‌ల షీటును అతికించే పని లేకుండా ఒక్క పట్టీగా చూడాలంటే ఆ ఆలోచన ఇప్పటికీ విలువైనదే. మామూలు టెక్స్ట్ ఫైలును కుదించడానికి మాత్రం అంత బరువు ఎత్తాల్సిన పని లేదు.

### విండోస్ డ్రైవర్, నోట్‌ప్యాడ్

నోట్‌ప్యాడ్‌లో మామూలు ఫాంట్‌తో ప్రింట్ ఇస్తే అది బొమ్మగానే పోతుంది. ఎప్సన్ డ్రైవర్ ఉంటే ఫాంట్ జాబితాలో డ్రాఫ్ట్ 17 సీపీఐ (అంగుళానికి 17 అక్షరాలు) లాంటి ప్రింటర్ సొంత అక్షరాలు కనిపిస్తాయి. అవి ఎంచుకుంటే వేగం తిరిగి వస్తుంది. జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్ కూడా టెక్స్ట్‌గానే పంపుతుంది. రెండిటిలోనూ కాలమ్‌లు లేవు. ఎవరినీ అడగకుండా, ఏదీ నేర్చుకోకుండా పొడవు లైన్ల ఫైలు తీసుకోవాలనుకునేవాళ్లకు చాలు.

## ఎవరికి ఏది?

టాలీ వాడే షాపులు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు. మీకు ఈ సాధనాలేవీ అక్కర్లేదు. ప్రింట్ ఫార్మాట్‌లో నీట్ బదులు డాట్ మ్యాట్రిక్స్ గానీ క్విక్ డ్రాఫ్ట్ గానీ ఎంచుకోండి. కార్బన్ కాపీలు తీసేచోట 17.14 కంటే సన్నగా పోవద్దు. మూడో కాపీలో 3, 8, 6 ఒకలాగే కనిపించడం మొదలైతే పొదుపు చేసిన కాగితం కంటే ఫోన్లకు పోయే సమయం ఎక్కువ.

ఆడిటర్లు, పద్దులు సరిచూసేవాళ్లు. కండెన్స్‌డ్, అంగుళానికి 6 లైన్లు. లైన్ల మధ్య టిక్కు పెట్టడానికి, పెన్సిల్‌తో సంఖ్య రాయడానికి జాగా ఉండాలి. 8 లైన్లకు దించితే ఆ జాగా పోతుంది. లైను 68 అక్షరాలకు లోపుంటే రెండు కాలమ్‌లు పెట్టండి. అంతకు మించితే ఫోల్డ్‌తో విరవకండి. పద్దుల్లో ఒక ఎంట్రీ రెండు లైన్లుగా విరిగితే సరిచూసే వేలు తప్పుతుంది. ఒక కాలమ్‌తోనే ఉంచండి.

ప్రోగ్రామర్లు. కోడ్ లైన్లు 80 దాకా వస్తాయి. 80 కాలమ్‌ల ప్రింటర్‌లో 20 అక్షరాల పిచ్‌కు వెళ్లినా రెండు కాలమ్‌లకు మధ్యలో ఖాళీ మిగలదు. పైగా కొన్ని పాత మోడళ్లలో ఎలైట్, కండెన్స్‌డ్ అసలు కలవవు, ఎలైట్ ఒక్కటే పడుతుంది. మీ లైన్లు 75 లోపు ఉంటే 20 పిచ్ ప్రయత్నించండి. 80 ఉండి తీరాలంటే 15×12 కాగితం పట్టే 136 కాలమ్‌ల ప్రింటర్ వెతుక్కోండి. అందులో 17.14 పిచ్‌కే 233 అక్షరాలు పడతాయి కాబట్టి రెండు కాలమ్‌లు పోను లైను నంబర్లకూ చోటు ఉంటుంది. 20 పిచ్‌లో 272, అంటే 80 అక్షరాల కాలమ్‌లు మూడు.

లాగులు, పాత రికార్డులు దాచేవాళ్లు. సూపర్‌స్క్రిప్ట్‌కు న్యాయం జరిగేది ఇక్కడే. రోజూ చదవరు, కావాల్సినప్పుడు భూతద్దం పట్టుకునైనా చూస్తారు. 46 కాగితాల చోట 12 అంటే బీరువాలో పట్టే చోటు నాలుగో వంతుకు దగ్గరపడుతుంది. చాలా 9 పిన్నుల ప్రింటర్లు సూపర్‌స్క్రిప్ట్‌ను నెమ్మదిగా వేస్తాయని తెలిసే మొదలుపెట్టండి. రిబ్బన్ మధ్యరకంగా ఉన్నప్పుడు తీయండి. కొత్తగా సిరా పట్టించిన రిబ్బన్ చిన్న అక్షరాల కడుపులు పూడ్చేస్తుంది, మరీ పాతదైతే ఏళ్లు గడిచాక కనబడదు. కట్ట మొత్తానికి ముందు ఒక్క పేజీ తీసి, చదవబోయే మనిషికే ఇచ్చి చూపించండి. తీసేవాళ్ల కళ్లు ఈ విషయంలో కొలత కాదు.

పెద్దవాళ్లు చదివే కాగితాలు. సంఘాల సభ్యుల జాబితా, గుడి చందాల పట్టీ లాంటివి. 12 పిచ్, 6 లైన్లు, ఒక కాలమ్. కాగితాలు తగ్గవు, తగ్గనక్కర్లేదు. లైన్లు 80 నుంచి 96 అక్షరాల మధ్య ఉంటే విరగకుండా సర్దుకుంటాయి, ఆ మేరకు కలిసొస్తుంది.

తెలుగు ఫైళ్లు తీసేవాళ్లు. మామూలు ప్రింటర్ సొంత అక్షరాల్లో తెలుగు ఉండదు. యూనికోడ్ తెలుగు ఫైలును నేరుగా పంపితే ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పోతాయి. అవి కాగితం మీద గీతలు, పిచ్చి గుర్తులై పడతాయి. కాబట్టి ఇక్కడ గ్రాఫిక్స్ తప్పదు. ఇంతసేపూ వద్దన్న విండోస్ డ్రైవర్ దారే ఇక్కడ సరైనది. పీఆర్ కూడా తెలుగులో కాలమ్‌లు సరిగా నిలపలేదు. గుణింతాలు, వత్తులతో కలిసిన ఒక అక్షరం ఎంత వెడల్పు పడుతుందో దాని లెక్కకు అందదు.

వెడల్పు తగ్గించడం తేలిక, ఎత్తు తగ్గించడం కష్టం అన్న సూత్రం తెలుగులో ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్క అంతస్తులో కూర్చుంటుంది. మన అక్షరానికి పైన గుడి, మధ్యలో హల్లు, కింద వత్తు. ‘స్త్రీ’ లాంటి అక్షరాన్ని తొమ్మిది చుక్కల ఎత్తులో ఇరికిస్తే వత్తులు మచ్చలవుతాయి. 9 పిన్నుల ప్రింటరే ఉంటే ఒక కాలమ్, అంగుళానికి 5 లైన్లకు మించకుండా పెట్టుకోండి. కాగితం పొదుపు ఆశ వదులుకోండి. 24 పిన్నుల ఎల్‌క్యూ రకానికి నిలువున అంగుళానికి 180 చుక్కలున్నాయి కాబట్టి 6 లైన్లకు దిగొచ్చు, పదాల మధ్య ఖాళీలు తగ్గించి రెండు కాలమ్‌లూ ప్రయత్నించొచ్చు. కార్బన్ కాపీ అక్కర్లేని తెలుగు కట్టలైతే కాగితానికి రెండు పేజీలు పెట్టి లేజర్ మీద తీయించుకోవడం మేలు. అక్కడ వత్తులు కూడా బతుకుతాయి.